తినని వాళ్ల చాప

రామచంద్రాపురంలో మా ఫ్లాటులో ఫోన్ మోగిందంటే ఈమధ్య రెండే కారణాలు. కరెంటు కనెక్షన్ తీసేస్తామని బెదిరించే మోసగాడైనా అయివుండాలి, మా కర్మాగారంలో పనిచేసిన పాతవాళ్లలో ఎవరో పోయారన్న కబురైనా అయివుండాలి. మోసగాళ్లతో నేను తీరిగ్గా మాట్లాడతాను. వాళ్ల ఊరు, వానలు, పిల్లల చదువులు అడుగుతాను. కాసేపటికి పాపం వాళ్లే విసిగి పెట్టేస్తారు. కాబట్టి ఆ గురువారం సుజాత ఫోన్ చేసి "బాబాయ్, శనివారం మధ్యాహ్నం ఏమైనా పనుందా" అని అడిగితే, ఉందో లేదో చూసుకుని చెబుతానన్నాను. మరీ వెంటనే లేదంటే చులకనైపోతామని.

సుజాత నాతో పాటు లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మిత్రుడి కూతురు. పటాన్‌చెరు అవతల, కర్దనూర్ దాటాక ఒక సర్కారు బడికి హెడ్మిస్ట్రెస్. బడి పేరు రాయనని మాటిచ్చాను. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే వాళ్ల పిల్లలంతా అక్కడే చదువుతారు. ఈ ఏడు రంజాన్ నెలా, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసమూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. శనివారం ఒక్కపొద్దుండే పిల్లలు ఎటూ ఉంటారు. మధ్యాహ్న భోజనం గంటలో మిగతా బడి అంతా వరండాలో పళ్లేలు పెట్టుకుని కూర్చుంటే, తినని ఈ పదిపన్నెండు మందికి ఎక్కడ కూర్చోవాలో తెలియదు. పోయినేడు కొత్తగా వచ్చిన ఒక టీచరు వాళ్లమీద జాలిపడి, పన్నెండున్నరకే ఇళ్లకు పంపించేసిందట. తల్లిదండ్రులిద్దరూ డ్యూటీలో ఉంటే ఇళ్లకు తాళాలుంటాయన్న సంగతి ఆవిడకు తట్టలేదు. రిజ్వానా అనే అమ్మాయి ఎండలో గడప ముందు కూర్చుని కూర్చుని పడిపోయింది. ఈ ఏడు ఆ పిల్ల తండ్రి, రంజాన్ నెలంతా అమ్మాయిని జహీరాబాద్‌లో తన చెల్లెలి దగ్గర ఉంచుతానంటున్నాడు. ఆ చెల్లెలేమో, ఏడో తరగతి దాకా చదివింది చాలు, ఇక్కడే కుట్టుపని నేర్పిస్తానంటోంది. వెళ్తే తిరిగి రాదని సుజాతకు తెలుసు.

అందుకని సుజాత పుస్తకాల గదిలో ఒక చాప పరిపించింది. తినని వాళ్లంతా ఆ గంట అక్కడ కూర్చోవాలి. కానీ ఉన్న ముగ్గురు టీచర్లూ వడ్డన దగ్గర ఉండాలి. పిల్లల్ని ఒంటరిగా వదిలితే రెండో రోజుకే పోట్లాట. నీళ్లు తాగితే అదేం రోజా, అదేం ఉపవాసం అని ఒకరు, నెల రోజులకే గొప్పా, మాది నలభై అని ఇంకొకరు, మాది ఏడాది పొడుగునా ప్రతి శనివారం అని మరొకరు. పెద్దమనిషి ఎవరైనా కూర్చుంటే తప్ప గది తెరవలేనంది. రిజ్వానా తండ్రి శనివారం దాకా గడువిచ్చాడట. ఆ రోజు ఒంటిగంటకు వచ్చి, తన కళ్లతో చూసి నిర్ణయిస్తాడట.

"మీరు ఎవరూ లేకపోయినా మాట్లాడతారని పిన్ని అనేది కదా బాబాయ్," అంది సుజాత. "ఆ మాటలేవో మా పిల్లల దగ్గర మాట్లాడండి."

పైగా శనివారం నాకూ ఉపవాసమే. అది మా ఆవిడ వ్రతం. ఆవిడ వెళ్లిపోయి ఆరేళ్లయింది, వ్రతం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. భక్తి అనుకునేరు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించే పని వారంలో ఒకరోజు తప్పుతుంది, అంతే. ఆవిడ నిబంధనల ప్రకారం చాయ్ లెక్కలోకి రాదు, అరటిపండు లెక్కలోకి రాదు, చాయ్‌తో పాటు పొరపాటున చేతికి తగిలే బిస్కట్టు కూడా రాదు.

ఈ దారిలో వెళ్లాలనుకునే వాళ్ల కోసం చెబుతున్నాను. పదింటికి రామచంద్రాపురంలో ముంబై హైవే మీద నిలబడితే పటాన్‌చెరు వైపు వెళ్లే సిటీ బస్సు పది నిమిషాలకొకటి దొరుకుతుంది. పాతిక రూపాయలు. ఆడవాళ్లకు ఉచితం కావడంతో బస్సులో టికెట్టు కొనేది నావంటి కొద్దిమందే. అందువల్ల కండక్టరు నన్ను వెతుక్కుంటూ వస్తుంది. వారం మొత్తంలో నన్ను వెతుక్కుంటూ వచ్చే మనిషి ఆవిడ ఒక్కతే. చిల్లర ఇస్తూ "దిగేటప్పుడు పైలం" అంటుంది. ఆ జాగ్రత్త మాట కోసం పాతిక రూపాయలు ఎక్కువేమీ కాదు.

కిటికీ పక్కన సీటు దొరికింది. ఫ్లై ఓవర్ల కింద నుంచి పోతుంటే నా చిన్ననాటి బడి గుర్తొచ్చింది. గోదావరి ఒడ్డున మా ఊళ్లో ఉన్నది ఒక్కటే బడి, అది మిషన్ వాళ్లది. పొద్దున్నే కళ్లు మూసుకుని ప్రార్థన, చివర ఆమెన్. నాకేమో ఆ చివరి మాట మహా ఇష్టం. సాయంత్రం ఇంట్లో మా నాయనమ్మ దీపం పెట్టి శ్లోకం చదివిస్తే, చివర ఆమెన్ అనేవాణ్ణి. ఆవిడ ఏడాదిపాటు దాన్ని సంస్కృతమే అనుకుంది. తర్వాత పంతులుగారి ద్వారా అసలు సంగతి తెలిసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఇన్నాళ్లూ వాడు అంటూనే ఉన్నాడు, దీపమేమీ ఆరిపోలేదు కదా," అని ఊరుకుంది. ఎనిమిదో తరగతి తర్వాత నేను బడికి వెళ్లలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పొట్లాల కాగితాల నుంచీ, కర్మాగారం లైబ్రరీ నుంచీ. కానీ ఇతరుల దేవుడి విషయంలో ఎలా ఉండాలన్నది మాత్రం నాయనమ్మ ఆ ఒక్క మాటతోనే నేర్పేసింది.

పటాన్‌చెరు బస్టాండు బయట షేర్ ఆటోలు నిలబడి ఉంటాయి. కర్దనూర్ దాటి పోవాలంటే ముప్పై రూపాయలు, ఆటో నిండే దాకా ఆగాలి. ముందు సీట్లో డ్రైవరు పక్కన నన్ను కూర్చోబెట్టారు. బడి దగ్గర దింపమంటే, మనవడి టీసీ కోసమా అని అడిగాడు. కథలు చెప్పడానికన్నాను. కథలకు పైసలిస్తరా అన్నాడు. ఇవ్వరన్నాను. అయితే ఈ కిరాయి ఎవరిస్తున్నరన్నాడు. నేనేనన్నాను. అతను తల తిప్పి నా ముఖం చూశాడు.

"ఇంట్ల ఎవరు లేరా పెద్దాయనా?"

ఏదో హాస్యం చెప్పబోయాను, రాలేదు. ఔటర్ రింగు రోడ్డు వంతెన కింద నుంచి వెళ్తున్నాం కాబట్టి చప్పుడులో వినబడనట్టు రోడ్డు వైపు చూశాను. అతను మళ్లీ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం ఆటో దిగి వచ్చి, నా సంచి తీసి చేతికిచ్చాడు. మందుల కంపెనీల వాసన అక్కడ గాలిలో ఎప్పుడూ ఉంటుంది. మొదటి పది నిమిషాలు తెలుస్తుంది, తర్వాత తెలియదు.

పదకొండున్నర. బడి గేటు ఎదురుగా రేకుల షెడ్డులో చాయ్ దుకాణం. వేళకు ముందే వచ్చాను, నీడ అక్కడే ఉంది, కాబట్టి ఒక చాయ్ తాగాను. పదిహేను రూపాయలు. అల్లం బాగా దంచి వేస్తాడు. గాజు సీసాలోంచి ఒక ఉస్మానియా బిస్కట్టు కూడా తీసుకున్నాను. ఇంత చిన్న విషయం ఎందుకు రాస్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

పన్నెండుంబావుకు గంట కొట్టారు. వరండాలో అన్నం, పప్పు వాసన. సుజాత నన్ను పుస్తకాల గది గుమ్మం దాకా తెచ్చి, "వీళ్లే బాబాయ్. నేను వడ్డన దగ్గరుంటాను," అని వెళ్లిపోయింది. లోపలికి అడుగు పెట్టబోతే ఒక అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. సన్నగా ఉంది, తెల్లటి స్కార్ఫు గడ్డం కింద గట్టిగా బిగించుకుంది. తనే రిజ్వానా.

"మీది గూడ ఉపాసమేనా తాతా?"

"అవునమ్మా. శనివారం కదా."

"అయితే నాలుక చూపియ్యిండ్రి."

ఇది ఆ చాప దగ్గరి ఆచారం. పెద్దవాళ్లు పెట్టింది కాదు, పిల్లలే పెట్టుకున్నారు. రోజా ఉన్నవాళ్ల నాలుక తెల్లగా ఉంటుందని వాళ్ల ఇళ్లలో పిల్లలు ఒకరినొకరు అలా చూసుకుంటారట. గుమ్మం దగ్గర నాలుక చూపించాకే చాప మీదికి రావాలి. అరవై తొమ్మిదేళ్ల వయసులో, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినవాణ్ణి, పన్నెండేళ్ల పిల్ల ముందు నాలుక చాపాను.

ఆ పిల్ల దగ్గరికొచ్చి డాక్టరులాగా చూసింది. తర్వాత వాసన చూసింది.

"అల్లం చాయ్," అంది.

లోపల నుంచి నవ్వులు. ఆంజనేయులు అనే కుర్రాడు, ముద్దుగా అంజి, నా పక్షాన వాదించడానికి లేచాడు. శనివారం ఒక్కపొద్దులో చాయ్ తాగొచ్చని, వాళ్లమ్మ రెండుసార్లు తాగుతుందని చెప్పాడు. నాకు ధైర్యం వచ్చింది. కానీ రిజ్వానా వదల్లేదు.

"చాయ్ ఒక్కటేనా తాతా?"

"ఒక బిస్కట్టు కూడా."

అంజి కూర్చుండిపోయాడు. వాళ్లమ్మ బిస్కట్టు దాకా వెళ్లదని తర్వాత తెలిసింది.

దావీదు అనే పిల్లాడు మూలన గోడకానుకుని ఉన్నాడు. తలకు నూనె రాసి, పాపిడి తీసి, పండగకు పోతున్నట్టు దువ్వుకున్నాడు. తను నాలుక చూపించలేదట, చూపించడట. ఉపవాసం ఉన్నట్టు పైకి కనపడొద్దు, తల దువ్వుకుని మామూలుగా ఉండాలని వాళ్ల చర్చి అయ్యగారు చెప్పాడట. మొదట్లో దీని మీద పెద్ద గొడవ జరిగింది. ఒకరిది చూపించాల్సిన ఉపవాసం, ఇంకొకరిది దాచాల్సింది. చివరకు రిజ్వానాయే ఒక తీర్పు చెప్పిందట. దావీదు తల నున్నగా ఉంటే నాలుక చూసినట్టే లెక్క. ఈ ఏర్పాటు ఆలోచించడానికి పెద్దవాళ్లకైతే ఒక కమిటీ, రెండు వాయిదాలు పట్టేవి.

"తాతా, మీరు మర్చిపోయి తాగినరా, యాదుండి తాగినరా?" అని రిజ్వానా నన్ను అడిగింది.

మర్చిపోయి అంటే ఒడ్డున పడేవాణ్ణని ఆ పిల్ల ముఖమే చెబుతోంది. అంజి కూడా నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు. అబద్ధాలాడటం నాకు కొత్తేమీ కాదు, కథలు చెప్పుకు తిరిగేవాణ్ణి. కానీ పదిమంది ఆకలితో ఉన్న పిల్లలు ఎదురుగా కూర్చుని చూస్తుంటే అబద్ధం నోట్లోంచి రాలేదు.

"గుర్తుండే తాగానమ్మా."

"మర్చిపోయి తాగితే ఏం గాదు, అల్లా తాపిచ్చినట్టే. యాదుండి తాగినరు కాబట్టి దీనికి బదులు ఇంకో రోజు ఉండాలె. సోమవారం. నీళ్లు గూడ లేకుంట. సాయంత్రం దాక."

"తాతకు రంజాన్ లేదు కదనే," అన్నాడు అంజి.

"మరి మన చాప మీద కూసుంటా అంటుండు కదరా."

సోమవారానికి ఒప్పుకున్నాను. అప్పుడు చెయ్యి తీసి నన్ను లోపలికి రానిచ్చింది.

కథ మొదలుపెట్టాను. ఒక దొంగ రాజుగారి కోటలో దూరాడన్నాను. ఎక్కడ దూరాడు తాతా అన్నారు. వంటింట్లో, అన్నాను, అక్కడ అప్పుడే దించిన బూరెల గంగాళం... పదిమంది నా వంక చూశారు. ఆ కథ మానేసి మా మేనమామ పెళ్లి కథ ఎత్తుకున్నాను. మగపెళ్లివారు అలిగి భోజనాలకు లేవకపోవడంతో అసలు కథ మొదలవుతుంది. అదీ మానేశాను. మూడోది రైలు ప్రయాణం, అందులో నెయ్యి డబ్బా. "తాతా, మల్ల తిండే," అని దావీదు మూలనుంచి మెల్లగా అన్నాడు. నా దగ్గర తిండి లేని కథ ఒక్కటీ లేదన్న సంగతి ఆ గదిలో తెలిసింది. కథకుణ్ణని ఊళ్లో చెప్పుకు తిరగడం కాదు, ఆకలితో ఉన్న వాళ్ల ముందు నిలబడితే తెలుస్తుంది సరుకు.

ఆఖరికి మా కర్మాగారం సైరన్ సంగతి చెప్పాను. అది మోగితే కాలనీ మొత్తం గడియారాలు సరిచేసుకునేది, పసిపిల్లలు లేచేవాళ్లు, కుక్కలు దానితో పాటు ఊళ వేసేవి. వాళ్ల మసీదులో కూడా సైరన్ ఉందని, అది మోగగానే ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారని రిజ్వానా చెప్పింది. మా నాన్న రాత్రి సైరన్‌కు పోయి పొద్దుటి సైరన్‌కు వస్తడని అంజి అన్నాడు. సైరన్ మీదే అరగంట గడిచింది. ఎవరూ పోట్లాడుకోలేదు. బయట పళ్లేలు కడుగుతున్న చప్పుడు కూడా మాకు ఆలస్యంగా వినబడింది.

చెబుతుండగానే ఎందుకో సలీం గుర్తొచ్చాడు. నా పక్క లేత్ మీద పనిచేసేవాడు. రంజాన్ నెలలో భోజనం గంట కొట్టగానే మేం క్యారేజీలు విప్పుకుంటే, సలీం లేచి షెడ్డు వెనక్కి వెళ్లిపోయేవాడు. నమాజుకనుకునేవాళ్లం. నమాజుకు గంటసేపు పట్టదు. ఇరవై రెండు రంజాన్లు అలా వెళ్లాడు. ఎక్కడ కూర్చుంటున్నావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

ఒంటిగంటకు మోటారు సైకిలు చప్పుడైంది. రిజ్వానా స్కార్ఫు మళ్లీ బిగించుకుంది. వాళ్ల నాన్న ఖాజా రాత్రి డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చినట్టున్నాడు. కళ్లెర్రగా ఉన్నాయి, కాళ్లకు ఇంకా కంపెనీ బూట్లే. పెట్రోలు ట్యాంకు మీద ఒక గుడ్డ సంచి, దాంట్లోంచి ఆకుపచ్చ దుపట్టా కొంగు బయటికి వేలాడుతోంది. సర్దేసి తీసుకొచ్చాడన్న మాట. రెండుంబావుకు జహీరాబాద్ బస్సు.

సుజాత పరుగున వచ్చింది. ఖాజా ఆవిడ మాటలన్నీ మర్యాదగా విన్నాడు. గది చూశాడు, చాప చూశాడు. సుజాత టీచర్ మంచిదేనని, పోయినేటి టీచరు కూడా మంచి మనసుతోనే పంపిందని, కానీ పడిపోయింది తన బిడ్డేనని అన్నాడు. ఎవరిమీదా కోపం లేదు ఆ గొంతులో.

"చల్ బేటా," అన్నాడు.

రిజ్వానా లేవలేదు. చాప అంచు పట్టుకుని కూర్చుంది.

"అబ్బాజాన్, ఈ తాత చాయ్ తాగి వచ్చిండు. సోమవారం దానికి బదులుంటడు. నాలుక ఎవరు చూస్తరు మరి?"

ఖాజా నా వైపు తిరిగాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"నిజంగ వస్తరా సార్ సోమవారం?"

"వస్తాను."

"మంగళవారం?"

"నాకున్నవన్నీ మధ్యాహ్నాలే ఖాజా."

"వస్తమని చెప్పి పోయేటోళ్లు మస్తుమంది సార్. గా టీచర్ గూడ బదిలీ పెట్టిచ్చుకొని పోయింది." కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. "మాకు డ్యూటీలుంటయ్. పిల్ల దినమంతా ఒక్కతే ఉంటదని పరేషాన్. అంతే."

నేను ఏమీ ఉపన్యాసం చెప్పలేదు. ఒంటరిగా ఉండటం గురించి నాకు కొంత తెలుసనీ చెప్పలేదు. నా ఫ్లాటు నంబరు, ఫోన్ నంబరు సుజాత ఇచ్చిన కాగితం మీద రాసి అతని చేతికిచ్చాను. అతను చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం దాక చూస్త," అన్నాడు కూతురితో. సంచి తీసుకునే వెళ్లాడు, కానీ ఒక్కడే వెళ్లాడు. దుపట్టా కొంగు లోపలికి దోపుకున్నాడు, చక్రంలో పడకుండా.

సోమవారం నేను తెల్లవారుజామున కాసిని నీళ్లు తాగి, మళ్లీ ఏమీ ముట్టలేదు. కండక్టరు నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దన్నాను. ఆటో డ్రైవరు, మళ్ల కథలేనా అన్నాడు. పటాన్‌చెరు నుంచి బడి దాకా ఆ గుడ్డ సంచీ, ఆ జహీరాబాద్ బస్సూ తప్ప నా బుర్రలో వేరే ఏమీ లేవు. చాయ్ దుకాణం వైపు చూడకుండా గేటు దాటాను. గది గుమ్మంలో తెల్ల స్కార్ఫు కనిపించింది. నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది.

"నాలుక," అంది.

చాపాను. చాలాసేపు చూసింది.

"తెల్లగనే ఉంది," అని దారి ఇచ్చింది.

ఆ రోజు బడి వదిలేదాకా ఉన్నాను; వెళ్లేటప్పుడు నోటుపుస్తకం కాగితంలో చుట్టి ఒక ఖర్జూరం ఇచ్చింది. కాగితం మీద 6.25 అని రాసి, ముందే తినొద్దని కింద రెండు గీతలు గీసింది. ఇంటికి చేరేసరికి ఐదున్నర. మా ఫ్లాటుకు మసీదు సైరన్ వినబడదు. కర్మాగారం సైరన్ ఆపేసి ఏళ్లయింది. గోడ గడియారాన్ని మా ఆవిడ ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టేది, నేనది మార్చలేదు. అందుకని అందులో ఆరున్నరయ్యేదాకా బల్లమీద కాగితం విప్పుకుని, ఖర్జూరాన్ని చూస్తూ కూర్చున్నాను. వేళైంది తినమని చెప్పేవాళ్లు లేకుండా ఉపవాసం విడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సలీం కనీసం ఇంటికెళ్లి పిల్లలతో కలిసి విడిచేవాడు. మధ్యాహ్నం భోజనం గంటే అతనిది ఒంటరి గంట. నా పక్కనే పదడుగుల దూరంలో షెడ్డు వెనక ఆ గంట ఉండేది, నేను లేచి వెళ్లి కూర్చుంటే సరిపోయేది. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ పిల్లలకు అది ఒక చాపతో వచ్చేసింది. ఆరున్నరయ్యాక ఇంకో నిమిషం ఆగి, ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను.

మీరు కూడా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే, మీ దగ్గర్లోని బడికి ముందుగా ఫోన్ చేసి, మళ్లీ మళ్లీ వెళ్లగలిగితేనే వెళ్లండి. ఒక్కసారి వెళ్లి ఫొటో దిగి వచ్చే పనైతే ఆ ఛార్జీలు మిగుల్చుకోండి. తిండి లేని కథలు కనీసం రెండు సిద్ధం చేసుకోండి. గేటు ఎదురుగా అల్లం చాయ్ చాలా బాగుంటుంది. బయటికి వచ్చాక తాగండి.